బియ్యపు గింజంత ఎత్తు

నాలుగో దెబ్బ పడగానే చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మేకు తలకీ చెక్కకీ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు మిగిలింది. ఆయన ఆ సందులోకి బొటనవేలి గోరు దూర్చి చూసుకుని, పెదవుల మధ్య పట్టుకున్న మేకుల్లోంచి ఇంకొకటి తీసి పక్కన ఆనించాడు.

"చూశావా? గోరు దూరాలి, వేలు దూరకూడదు," అన్నాడు, మిగిలిన మేకులు పెదవుల మీంచి జారకుండా.

పక్కన నిలబడ్డ కొత్తావిడ వంగి చూసింది. ప్యాకింగ్ షెడ్డులో చేరి తొమ్మిది రోజులైంది ఆమె. చేతికి తొడుక్కున్న తొడుగులు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"పూర్తిగా దించేస్తే గట్టిగా ఉంటుంది కదన్నా?"

"ఉంటుంది. అవతల విప్పేవాడి ప్రాణం మీదికొస్తుంది. మేకు తల కిందికి కడ్డీ దూరకపోతే వాడు చెక్క పగలగొడతాడు. చెక్క విరిగి లోపల సామానుకి తగులుతుంది. అప్పుడు మనల్ని తిట్టుకుంటాడు."

"ఎవరు విప్పుతారన్నా?"

"ఏమో. ఎవడో ఒకడు."

ఆ ఎవడో ఒకడి కోసం ఆయన ఇరవై తొమ్మిదేళ్లుగా మేకుల్ని గింజంత పైకి వదులుతున్నాడు. ఆ షెడ్డులో నీళ్ల పంపులకి చెక్కపెట్టెలు కడతారు. అడుగు ఒకరు, పక్కలు ఇద్దరు, మూత ఈయన. మూత తప్ప ఇంకేదీ ఆయన చేతికి రాలేదు, ఆయనా అడగలేదు. కుడి భుజం ఎడమదాని కంటే రెండువేళ్లు కిందికి దిగిపోయింది. బొటనవేలి గోరు పలకలా చదునైంది. షెడ్డులో ఆయన్ని గింజ అంటారు. చిన్నవాళ్లు గింజన్నా అంటారు. జీతం కాగితం మీద ఉన్న పేరు పిలిస్తే ఒక్కోసారి వెంటనే పలకడు.

చివరి మేకు కొట్టాక సుత్తిని నడుముకి దోపుకుని, పెట్టె మీద రెండు తట్లు తట్టాడు.

"ఎక్కు."

"నేనా?" కొత్తావిడ ఒకడుగు వెనక్కి వేసింది. "నా బరువుకి కూలిపోతే?"

"లోపల పంపు నీకంటే మూడు రెట్లు ఉంది, అదే ఏమీ అనలేదు. ఎక్కమ్మా. మూత వేశాక మనిషి ఎక్కి నిలబడితేనే పెట్టె అయినట్టు."

ఆమె నవ్వాపుకుంటూ ఎక్కింది. ఒక కాలు, రెండు కాళ్లు, తర్వాత ధైర్యం చేసి చిన్న గెంతు. పెట్టె చప్పుడు చెయ్యలేదు. షెడ్డు అవతలి చివర నుంచి సూపర్‌వైజరు కేకేశాడు: "గింజా! ఇవాళ నీ మొహంలో కళ లేదేం? కోళ్లొస్తున్నాయిగా!"

"కోళ్లొస్తున్నాయి. వాటితోపాటు కొట్టు వ్యాను కూడా వస్తోంది," అన్నాడాయన.

శనివారం ఒంటిపూటే కాబట్టి ఒంటిగంటకే గంట మోగింది. లారీ వచ్చి పెట్టెల్ని ఎత్తుకుంది. ఆయన గేటు దగ్గర నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూశాడు. రోజూ చూస్తాడు. అవి ఎక్కడ దిగుతాయో, ఎవరు విప్పుతారో ఆయనకి తెలియదు. ఒక్కసారి మాత్రం, ఆరేళ్ల కిందట, బజారులో పళ్ల బండికి అడ్డంగా కొట్టిన పలక మీద తన పెట్టె గుర్తు కనిపించింది, బాణం గుర్తూ కింద 'ఈ వైపు పైకి' అనే అక్షరాలూ. దగ్గరికి వెళ్లి పలక అంచు తడిమాడు. మేకులు ఊడదీసిన కన్నాలు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా చీలిక లేదు. ఎవడో ఒకడు కడ్డీ సరిగ్గా దూర్చి, తిట్టుకోకుండా విప్పాడు. ఆ వారమంతా ఆయన ఈల వేసుకుంటూ తిరిగాడు. భార్య అడిగితే, "ఏంలేదు, ఒక పెట్టె క్షేమంగా చేరింది," అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, పొద్దుట ఫోనులో కూతురన్న మాటలు మళ్లీ చెవిలో తిరగడం మొదలుపెట్టాయి.

కోళ్ల కోరిక భార్యది. ఆమె కోళ్ల మధ్య పెరిగింది. పెళ్లయ్యాక ఉన్నవన్నీ మేడ మీద ఇళ్లు, ఇరుకు వాటాలు. చివరికి వెనకాల పెరడున్న ఇల్లు అద్దెకి దొరికింది. మొదటి రోజే ఆమె పెరట్లో నిలబడి, "ఇక్కడ అయిదు కోళ్లు తిరుగుతాయి," అంది. ఆయన వెంటనే, "గూడు నేను కడతాను," అనేశాడు. ఆమె ఆయన వంక తేరిపార చూసి నవ్వింది.

"ఊరందరి సామానుకీ ఇళ్లు కట్టారు. మన కొంపలో మీ చేత్తో చేసిన పీట ఒక్కటైనా ఉందా?"

లేదు. మంచం కొన్నది, బల్ల కొన్నది, ఉప్పు డబ్బాలు పెట్టుకునే అరకూడా కొన్నదే. ఆయన చేసినవి వేల కొద్దీ ఉన్నాయి. ఒక్కటీ ఇంటికి రాలేదు, ఒక్కటీ నిలవలేదు. అన్నీ విప్పడానికే చేసినవి. ఆ మాట ఆమె నవ్వుతూ అన్నా, ఆయన గుండెలో ముల్లులా దిగింది.

ఇది ఎనిమిది నెలల కిందటి మాట. షెడ్డులో పనికిరావని పక్కన పడేసిన పలకల్ని సూపర్‌వైజరుని అడిగి తెచ్చుకున్నాడు. ఆదివారాలు కూర్చుని కోశాడు, చిత్రిక పట్టాడు. పెట్టె కట్టేవాళ్లు ముందు సామాను కొలుస్తారు కాబట్టి, బావమరిది ఇంటికి టేపు పట్టుకెళ్లి కోడిని కొలిచాడు. పొడవు, వెడల్పు, తలెత్తితే ఎత్తు. బావమరిది కోడిని చంకలో పెట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఆ కొలతలకి అటూ ఇటూ నాలుగు వేళ్లు వదిలి, అయిదు కోళ్లకి అయిదు అరలు గీసి భార్యకి చూపించాడు. లోపలి సామాను కదలకూడదన్నది షెడ్డు నియమం.

ఆమె ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"కోళ్లని పెంచుకుందామనా, పార్సెలు చేద్దామనా?"

మళ్లీ మొదటి నుంచి గీశాడు. ఎనిమిది నెలల్లో నాలుగు పక్కలు, ఒక అడుగు, ఒక కప్పు తయారై పెరటి గోడకి ఆనుకుని నిలబడ్డాయి. కలిపి కొట్టడం ఒక్కటే మిగిలింది. ఈలోగా ఆయనకి ఒకరోజు ఛాతీ పట్టేసింది. పెద్దగా ఏం కాలేదు. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు, మాత్రలు రాశాడు. కూతురు పనిచేసేది ఆస్పత్రిలోనే, రోగుల వేళలు రాసే బల్ల దగ్గర. ఏ పనికైనా వేళ పెట్టడం దానికి అలవాటు. నాన్నకీ పెట్టింది: తొమ్మిదింటికి మాత్ర, ఆరింటికి నడక, సుత్తి వద్దు. షెడ్డులో సుత్తి తప్పదు కాబట్టి ఇంట్లోనైనా వద్దు.

ఇప్పుడు బావమరిది ఇల్లు ఖాళీ చేసి మూడో అంతస్తు వాటాలోకి మారుతున్నాడు. ఇవాళ సాయంత్రం అయిదింటికి అతని కోళ్లు వీళ్లింటికి వచ్చేస్తాయి. పొద్దుట కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, నాకు తెలుసు నీకు కోపమొస్తుంది. కొట్లో రెడీమేడ్ గూడు చెప్పేశాను. నాలుగున్నరకి వ్యాను వస్తుంది. వాళ్లే బిగించి వెళ్తారు. నువ్వు కుర్చీ వేసుకుని చూడు చాలు."

"నాది ఉందిగా."

"నీది గోడకి ఆనుకుని ఉంది నాన్నా. ఎనిమిది నెలలుగా."

"నాలుగున్నరలోగా నిలబడితే?"

"అమ్మనే అడుగు. అమ్మకి ఏది నచ్చితే అది ఉంచుదాం. రెండోది నేనే పంపించేస్తాను."

కూతురు పంపిన గూడు బొమ్మని భార్య పొద్దుటే ఫోనులో చూసింది. ఎర్ర కప్పు, తెల్ల కిటికీ, తలుపుకి హృదయం ఆకారంలో చిన్న కన్నం. "ముచ్చటగా ఉంది," అంది. అబద్ధం ఆడలేదు. ముచ్చటగానే ఉంది. ఆయన అన్నం కలుపుకుంటున్న వేళ్లు ఆగి, మళ్లీ కదిలాయి. "గుండె గుర్తుని కోడి ఏం చేసుకుంటుందట?" అని మాత్రం అన్నాడు.

ఇంటికొచ్చి భోజనం చేసి మాత్ర వేసుకుని పెరట్లోకి వచ్చేసరికి రెండు దాటింది.

పక్కల్ని ఎత్తలేదు. ఆ మాట కూతురికిచ్చాడు. ఒక మూల కింద గుండ్రటి కర్ర పెట్టి దొర్లించాడు. షెడ్డులో పెద్ద పంపుల్ని అలాగే జరుపుతారు. అడుగుభాగాన్ని ముందు పరిచాడు. దాని కింద రెండు లావు దూలాలు పొడవునా బిగించి ఉన్నాయి.

"ఈ కాళ్లెందుకండీ దీనికి?" గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న భార్య అడిగింది.

"తాళ్లు దూర్చి ఎత్తడానికి."

"ఇదెక్కడికి వెళ్తుందనీ?"

ఆయన దూలాల వంక చూశాడు. ఎక్కడికీ వెళ్లదు. పెట్టె అంటే అడుగున దూలాలుండాలి, అంతే. చెయ్యి చేసుకుపోయింది. "చెమ్మ తగలకుండా," అన్నాడు, అప్పటికి తోచింది.

రెండు పక్కలు నిలబెట్టి, మూలమట్టం పెట్టి చూసుకుని, మేకులు కొట్టాడు. భార్య వచ్చి పలక కదలకుండా పట్టుకుంది. మూడో పక్క, నాలుగో పక్క. లోపల కోళ్లు ఎక్కి కూర్చోవడానికి గుండ్రటి కర్ర. కుడివైపు గుడ్లు పెట్టే అర, దానికి బయట నుంచి తెరిచే చిన్న తలుపు. ఎదురుగా పెద్ద తలుపు, ఇనుప గడియ. గాలి ఆడేలా పైన ఇనుప జాలి. చివరికి కప్పు, వాన జారిపోయేలా వెనక్కి కాస్త వాలుగా. చొక్కా వీపుకి అంటుకుపోయింది. రెండుసార్లు భార్య కుర్చీ చూపించింది, రెండుసార్లూ కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, లేచాడు. గోడ మీద పక్కింటి గండుపిల్లి కాళ్లు కడుపు కింద ముడుచుకుని అంతా గమనిస్తోంది.

నాలుగూ పదికి గూడు నిలబడింది. నడుమెత్తున, బారెడు పొడవున, లేత పసుపు చెక్కతో. ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు.

భార్య తుడుపుగుడ్డ తెచ్చి రంపపు పొట్టు దులపడం మొదలుపెట్టింది. ఏ వస్తువు ఇంట్లోకొచ్చినా ముందు తుడిస్తేగానీ ఆమెకి అది తనదైనట్టుండదు. కప్పు మీద గుడ్డ లాగగానే చర్రుమని చిరిగింది. విడిపించుకుని మళ్లీ లాగింది. మళ్లీ పట్టుకుంది. ఆమె వంగి, వేలితో తడిమింది. ఒక మేకు, పక్క మేకు, ఆ పక్కది. కప్పంతా. తర్వాత పక్కలు.

"ఏమండీ, ఈ మేకులన్నీ పైకే ఉన్నాయేంటి?"

"ఏవి?"

"అన్నీ."

ఆయన వచ్చి చూశాడు. బొటనవేలి గోరు దూర్చాడు. సరిగ్గా దూరింది. రెండోదానికీ దూరింది. నూట నలభైకి పైగా మేకులు, ప్రతిదీ గింజంత ఎత్తున, వరసగా, ఒక్కటీ ఎక్కువా తక్కువా లేకుండా. షెడ్డులో అయితే చూసి మెచ్చుకునేవాళ్లు.

భార్య కప్పు అంచు పట్టుకుని ఊపింది. పలకలు గలగలమన్నాయి. ఒక పలక పైకి లేచి, కింద సన్నటి సందు కనిపించింది.

"దీన్ని ఎవరు విప్పుతారనండీ?" ఆమె గొంతులో వెక్కిరింత లేదు. నిజంగానే అడిగింది. "మీకు గోరు దూరితే అందం. దానికి గోరు దూరితే భోజనం." గోడ మీది పిల్లిని గడ్డంతో చూపించింది.

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడింది మొహం. జన్మకొకసారి ఇంటి కోసం ఒకటి కట్టుకుంటూ, దాన్ని కూడా ఎవడో విప్పుతాడని కట్టాడు.

అప్పుడే వీధిలో వ్యాను ఆగింది.

ముందు కూతురు వచ్చింది, వెనకే టోపీ పెట్టుకున్న కొట్టు ఫిట్టరు, పలచటి అట్టపెట్టె ఒకటి నెత్తిన పెట్టుకుని. గూడు మొత్తం ఆ అట్టపెట్టెలోనే ఉంది. కూతురు పెరట్లోకి అడుగు పెట్టి, నిలబడి ఉన్న గూడుని చూసి టక్కున ఆగింది.

"నాన్నా! అయిపోయిందా?"

"అవ్వలేదు," అన్నాడాయన.

"అయినట్టే ఉందిగా."

"అవ్వలేదమ్మా. ఎంతసేపు పడుతుంది బాబూ నీకు?"

ఫిట్టరు వాచీ చూసుకున్నాడు. "అరగంట చాలండీ. ఎక్కడ పెట్టమంటారు?"

"ఆ పక్కన పెట్టు. పక్కపక్కనే ఉండనీ."

ఆయన లేచి సుత్తి తీసుకున్నాడు. కప్పు మీద మొదటి మేకు చూసుకుని ఎత్తి కొట్టాడు. చెయ్యి గాలిలోనే తేలికైపోయి, మేకు తలని ముద్దు పెట్టుకున్నట్టు తాకి ఆగింది. గింజ అలాగే ఉంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. పళ్లు బిగబట్టి కొడితే మేకు పక్కకి ఒరిగింది. చుట్టూ చూశాడు. ఫిట్టరు అప్పుడే అట్టపెట్టె విప్పి ముక్కలు నేల మీద వరసగా పేర్చేశాడు, చిన్న కరెంటు స్క్రూడ్రైవరు బుర్రుమంటోంది.

"ఆగుతోందే," అన్నాడు భార్యతో, ఎవరికీ వినబడకుండా. "నేను ఆపట్లేదు. అదే ఆగుతోంది."

ఆమె తుడుపుగుడ్డ భుజాన వేసుకుని, గూడు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుంది.

"కొట్టండి. ఎప్పుడు ఆపాలో నేను చెప్తా."

ఆయన కొట్టాడు. చెయ్యి ఆగింది.

"ఇంకొక్కటి," అంది ఆమె.

కొట్టాడు. మేకు తల చెక్కలోకి కూరుకుపోయి, ఆయన ఏ మూత మీదా రానివ్వని చప్పుడు చేసింది. బరువుగా, పొడిగా, తలుపు వేసినట్టు. గోరు పెట్టి చూస్తే దూరలేదు.

"ఇంకొక్కటి," తర్వాతి మేకుకి అంది.

కొట్టాడు. అదే చప్పుడు.

"ఇంకొక్కటి."

అలా మొదలైంది. పది మేకుల దాకా ఆమె చెబితే కొట్టాడు. ఇరవై దాకా ఆమె మాటా ఆయన దెబ్బా కలిసి పడ్డాయి. కప్పు అయిపోయి పక్కలకి వచ్చేసరికి ఇద్దరికీ ఒక లయ కుదిరింది. ఆమె పట్టాతో సహా జరుగుతూ, ఆయన వంగుతూ లేస్తూ, గూడు చుట్టూ తిరిగారు. ముప్పై ఒక్కేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి ఇంతసేపు ఒకే మాట అనుకోవడం ఇదే మొదటిసారని ఆమె తర్వాత అందరికీ చెప్పి నవ్వేది. కూతురు కాసేపు అటు చూసింది, ఇటు చూసింది.

"నాన్నా, ఆయాసం వస్తోందా?"

"రావట్లేదు."

"ఇంకొక్కటి," అంది భార్య.

"అమ్మా, నువ్వైనా చెప్పొచ్చు కదా!"

"చెప్తున్నాగా," అంది ఆమె. "ఇంకొక్కటి."

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. సంచి మెట్టు మీద పడేసి, చెప్పులు విడిచి వచ్చి రెండోవైపు పలకకి రెండు చేతులూ అడ్డం పెట్టి నొక్కి పట్టుకుంది, దెబ్బకి అదరకుండా.

గుడ్ల అర దగ్గర చివరి మేకు మిగిలింది. సుత్తి ఎత్తి ఆయన భార్య మాట కోసం ఆగాడు. ఆమె అనలేదు.

"ఏం?"

"దాన్నలా ఉండనివ్వండి. గుడ్లు తీసేటప్పుడు బుట్ట ఎక్కడ పెట్టుకోను? తాడు తగిలించుకుంటా."

ఆయన ఆ మేకు వంక చూసి, సుత్తి దించేశాడు.

ఫిట్టరు కూడా లేచి నిలబడ్డాడు. రెండు గూళ్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఎర్రగా తెల్లగా, బొమ్మలో ఉన్నట్టే. ఒకటి పచ్చి చెక్క రంగులో, లావుగా, కదలని మొహంతో. అప్పుడే వీధి వైపు నుంచి కోళ్ల గోల వినిపించింది. బావమరిది రెండు చేతులా రెండు గంపలతో వచ్చాడు.

"బావా! కొలతలకి సరిపోయేలా తెచ్చాను, ఒక్కటీ లావెక్కలేదు! ఏ ఇల్లు మాది?"

అందరూ ఆమె వంకే చూశారు. ఆమె ముందు ఎర్ర కప్పు గూడు దగ్గరికి వెళ్లింది. హృదయం కన్నంలోంచి లోపలికి చూసింది. "నిజంగానే బాగుంది," అంది. కూతురు మొహంలో ఒక క్షణం వెలుగొచ్చింది. ఆయన సుత్తి పిడి మీద వేలు రాస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆమె ఒక చెయ్యి ఆ కప్పు మీద ఆనించి కొంచెం బరువు వేసింది. గూడు కిర్రుమని ఒకపక్కకి ఒరిగి, చెయ్యి తియ్యగానే మళ్లీ నిలబడింది.

ఫిట్టరు ఇబ్బందిగా దగ్గాడు. "అమ్మా, అది కోళ్లకి చాలండీ. మనుషులు ఆనుకోవడానికి కాదు."

"పిల్లి ఆనుకుంటే?"

ఫిట్టరు గోడ మీది పిల్లిని చూశాడు. అది బాగా తిని పెరిగిన పిల్లి.

ఆయన అప్పుడు నోరు విప్పాడు. "మా షెడ్డులో ఒక పరీక్ష ఉంది." చెప్పి, గూడు పక్కన మోకాలు ఎత్తాడు.

"నువ్వొద్దు," అంది కూతురు. "నేనెక్కుతా."

తండ్రి చెయ్యి అందించాడు. కూతురు ఆ చేతిని పట్టుకుని మోకాలు మోపి కప్పు మీదికి ఎక్కింది. ఒక కాలు, రెండు కాళ్లు. నిటారుగా నిలబడింది. చప్పుడు లేదు. ఇంకాస్త ధైర్యం చేసి గెంతింది. చప్పుడు లేదు. చిన్నప్పుడు స్కూల్లో, మీ నాన్న ఏం చేస్తాడంటే, పెట్టెలు చేస్తాడని చెప్పేది. ఏవీ చూపించమంటే చూపించడానికి ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు దాని మీద నిలబడి ఉంది. పైనుంచి పక్కింటి పెరడూ, గోడా, పిల్లి వీపూ కనిపిస్తున్నాయి. మూడోసారి గెంతింది, ఈసారి కావాలనే, రెండు కాళ్లూ గట్టిగా మోదుతూ.

"అమ్మా, నువ్వూ రా!"

"నేనా! ఈ వయసులో నాకు కప్పులెక్కడాలా?" అంటూనే ఆమె చెయ్యి చాచింది. బావమరిది ఒకవైపు, ఆయన ఒకవైపు పట్టి ఎక్కించారు. తల్లీ కూతుళ్లిద్దరూ ఒకరి నడుమొకరు పట్టుకుని కోళ్ల గూడు మీద నిలబడ్డారు. గంపల్లో కోళ్లు తలలు బయటపెట్టి, తమ ఇంటి మీద ఈ గొడవేమిటన్నట్టు చూశాయి. ఫిట్టరు టోపీ తీసి తల గోక్కుని, వంగి మేకుల వరస వేలితో తడిమాడు.

"ఎవరు కట్టారండీ ఇది?"

"మా నాన్న," అంది కూతురు పైనుంచి, వీధిలోకి వినబడేలా. "అన్నా, ఏమీ అనుకోకు. మీది విప్పి తీసుకెళ్లిపో."

పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, గోడ దిగి అవతలికి వెళ్లిపోయింది.

సోమవారం షెడ్డులో ఆయన గొంతు మూడు బల్లల అవతలికి వినిపించింది. కొత్తావిడ గూడు కథ మూడుసార్లు చెప్పించుకుంది. "గింజ లేకుండా కొట్టావా అన్నా, నిజంగా?" అని అడిగితే, "ఒక్కటి ఉంచానమ్మా, ఆవిడ చెప్పింది," అన్నాడు. మూత మీద మాత్రం చెయ్యి ఎప్పటిలాగే ఆగింది. ఆగాల్సిన చోట ఆగడం, దిగాల్సిన చోట దిగడం రెండూ దానికి వచ్చేశాయి. తర్వాత రోజుల్లో మంచం పక్కన ఒక పీట, వంటింట్లో ఒక అర, కూతురి ఇంట్లో చెప్పులు పెట్టుకునే బల్ల ఒకటి వచ్చాయి. అన్నీ పూర్తిగా దిగిన మేకులతో. ప్రతి సాయంత్రం గూటి పక్కన కుర్చీ వేసుకుని, కోళ్లు లోపలికి వెళ్లేదాకా కూర్చునేవాడు. తన పెట్టెలో సామాను తనంతట తాను నడిచి వెళ్లి సర్దుకోవడం ఆయనకి ఎంత చూసినా తనివి తీరేది కాదు.

రెండేళ్ల తర్వాత ఒక శనివారం, పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, భార్య కంచం పెట్టేలోగా ఆ కుర్చీలోనే కాస్త ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదు. కోళ్లు కాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. సుత్తి నడుముకే ఉంది.

ఆ ఏడాది చివర ఇంటి యజమానులు ఇల్లు అమ్ముకున్నారు. తల్లీ కూతుళ్లు కలిసి నాలుగు వీధుల అవతల పెరడున్న ఇల్లు ఒకటి తీసుకున్నారు. గూడుని విప్పి తీసుకెళ్దామని కూతురు కొట్టుకి ఫోన్ చేస్తే, అదే టోపీ ఫిట్టరు వచ్చాడు. మేకులు పీకే కడ్డీ తీసుకుని గూడు చుట్టూ ఒకసారి తిరిగాడు, ఇంకోసారి తిరిగాడు. బుట్ట మేకు దగ్గర తప్ప కడ్డీ కొనకి ఎక్కడా పట్టు దొరకలేదు. నవ్వేసి కడ్డీ సంచిలో వేసుకున్నాడు.

"ఇది విప్పడానికి కట్టింది కాదమ్మా. విరగ్గొట్టాలి, నా వల్ల కాదు."

మర్నాడు షెడ్డు నుంచి ఆరుగురు వచ్చారు. ముందు నడిచింది కొత్తావిడ. ఇప్పుడు ఆమెని కొత్తావిడ అనేవాళ్లు లేరు, మూతలన్నీ ఆమే వేస్తోంది. వంగి అడుగున చూసి, "దూలాలు పెట్టాడు!" అని అరిచింది. "అక్కా, తాళ్లు దూర్చడానికి పెట్టాడు అన్న!"

"చెమ్మకని చెప్పారమ్మా నాతో," అంది ఆయన భార్య. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

దూలాల కింద తాళ్లు దూర్చి గూటిని గోడ మీదుగా ఎత్తి లారీలో పెట్టారు. కోళ్లని తియ్యలేదు. దారి పొడవునా లోపలి సామాను గోల చేస్తూనే ఉంది. జనం ఆగి చూశారు. ఆయన భార్య ముందే ఆటోలో వెళ్లి, కొత్త ఇంటి గేటు రెండు రెక్కలూ తెరిచి, వీధిలోకి చూస్తూ నిలబడింది. లారీ మలుపు తిరిగింది. ఆయన మూసిన పెట్టె ఒకటి చేరడం చూడటానికి ఈసారి ఒక మనిషి ఉంది.

కొత్త పెరట్లో దించాక కొత్తావిడ కప్పు మీదికి ఎక్కి ఒక గెంతు గెంతి దిగింది. ఏ పలకా కదల్లేదు. ఆయన భార్య తుడుపుగుడ్డతో గూడు నాలుగువైపులా తుడిచింది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. అర తలుపు తెరిచి, దారిలో పెట్టిన ఒక్క గుడ్డునీ తీసి బుట్టలో వేసి, బుట్ట తాడు ఎప్పటి చోటే తగిలించి, అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

గుడ్ల అర పక్కన, నూట నలభై మేకుల్లో ఆ ఒక్క మేకు మాత్రం బియ్యపు గింజంత పైకి, బుట్ట తాడు పట్టుకుని ఉంది.